బిగుసుకున్న కాళ్లు బలమైన కాళ్లు కావు

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా డిసెంబర్ 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం అయిన మరుసటి రోజు మీ కడప జిల్లా పేజీలో మా పిల్లల ఫొటోలు వస్తాయి. ట్రైసైకిల్ ఇస్తున్న ఫొటో, పండ్లు పంచుతున్న ఫొటో, ఆటల పోటీల్లో గెలిచిన పిల్లలకు దండ వేసిన ఫొటో. అవి వద్దని నేను అనను, ఒక ఏడాది మా పాప కూడా అందులో ఉంది, ఆ పేపర్ ముక్కను వాళ్ల అవ్వ ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల మధ్య దాచిపెట్టుకుంది. నేను అడిగేది వేరే. మా పాప మాదిరి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు దెబ్బ తగిలి ఒంటి కదలికలు సరిగా రాని బిడ్డ ఉన్న ఇంట్లో రేపు పొద్దున లేచినాక ఏం చేయించాలి, ఎన్నిసార్లు చేయించాలి, ఎట్లా కూర్చోబెట్టి చేయించాలి, ఆ మాట కూడా మీ పేపర్లో రావాలి. అది తెలియక మేము దాదాపు ఐదేళ్లు పోగొట్టుకున్నాం.

మాది ప్రొద్దుటూరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఆయన బట్టల షాపులో పని. పాప ఏడో నెలలోనే పుట్టింది, పుట్టగానే ఏడవలేదు, చాలా రోజులు బాక్సులో పెట్టారు. ఏడాది దాటినా కూర్చోలేదు, ఎత్తుకుని నిలబెడితే కాళ్లు రెండూ కత్తెర మాదిరి ఒకదాని మీద ఒకటి పడి మునివేళ్ల మీద నిలబడేది. ఏడాదిన్నరకు డాక్టర్ సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అన్నారు, అందులో స్పాస్టిక్ డైప్లీజియా, అంటే రెండు కాళ్లకూ ఎక్కువగా, చేతులకు తక్కువగా ఉండే రకం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ రకం ఎక్కువట. పుట్టేటప్పుడు ఊపిరి అందకపోయినా, పుట్టిన కొత్తలో కామెర్లు బాగా ముదిరినా, మెదడుకు ఇన్‌ఫెక్షన్ వచ్చినా కూడా సీపీ రావచ్చని అప్పుడే తెలిసింది. మెదడుకు తగిలిన దెబ్బ ఇక పెరగదు, కానీ పూర్తిగా మానదు కూడా అని ఆ డాక్టర్ దాపరికం లేకుండా చెప్పారు, దానికి ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

చెప్పనిది ఏమిటంటే ఇంట్లో ఏం చేయాలో. "ఫిజియోథెరపీ చేయించండి" అని ఒక్క ముక్క రాశారు. మాకు అర్థమైంది ఏమంటే కాళ్లు బిగుసుకుపోయినాయి కాబట్టి వదులు చేయాలి అని. అంతే, ఆముదం పెట్టి తోమడం, మోకాళ్లు పట్టుకుని విడదీసి లాగడం, పాదం పైకి వంచి పట్టుకోవడం. మర్దన చేయడానికి ఒకామె వచ్చేది, ఆమె రాని రోజు నేను, నేను కుట్టు మీద ఉంటే మా అత్త. పాప పడుకుని టీవీ చూస్తుంటే మేము చెమటలు కక్కేవాళ్లం. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టు అవుతుంది, ఎందుకంటే కష్టమంతా మా చేతులే చేశాయి, పాప కాళ్లు ఏ పనీ చేయలేదు.

పాపకు ఆరున్నర ఏళ్లప్పుడు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి ఒక ఫిజియో మేడం వచ్చింది, చిన్న వయసు అమ్మాయి. పాపను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు దేనికీ ఆనించకుండా లేచి నిలబడమంది. పాప ముందుకు వంగింది, వణికింది, ఒక్కసారి కూడా లేవలేకపోయింది. నేను "కాళ్లు చాలా గట్టి మేడం, నేను రెండు చేతులతో విడదీసినా రావు, అంత బలం ఉంది" అన్నా. ఆమె అన్నది ఒకటే మాట, "అమ్మా, అది బలం కాదు, బిగువు. లోపల కండ బలహీనంగా ఉంది."

ఆ మాట నాకు ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. చివరకు నా మిషన్ దగ్గరే అర్థమైంది. చంక కింద జాకెట్టు బిగుతుగా పట్టేసిందంటే ఆ గుడ్డ గట్టిదని కాదు కదా, కుట్లు పిగిలేది కూడా ముందు ఆ చోటే. సీపీలో మెదడు నుంచి పోయే సంకేతాలు సరిగా లేక కండరం వదులు కావాల్సినప్పుడు వదులు కాదు, పని చేయాల్సినప్పుడు పూర్తిగా పనిలోకి దిగదు. బిగువూ బలహీనతా రెండూ ఒకే కాలులో ఉంటాయి. పైగా పిల్లలు పొడుగయ్యే కొద్దీ ఎముక పెరిగినంత వేగంగా ఈ కండరాలు పెరగవు, ఒళ్లు బరువెక్కుతుంది, మోసే కండ మాత్రం అంతే ఉంటుంది. అందుకే చిన్నప్పుడు నడిచిన పిల్లలు కొందరు పదీ పన్నెండేళ్లకు మోకాళ్లు వంగిపోయి నడవడం తగ్గిస్తారు. రోగం ముదిరిందని పెద్దవాళ్లు అనుకుంటారు. చాలామందిలో మెదడులో దెబ్బ అంతే ఉంటుంది, ఒంటి బరువుకు కాళ్ల బలం చాలక వచ్చిన ఇబ్బంది అది.

ఒకప్పుడు డాక్టర్లు, థెరపిస్టులు కూడా బలం వ్యాయామాలు చేయిస్తే బిగువు ఇంకా పెరుగుతుందని భయపడేవాళ్లట, వద్దనేవాళ్లట. 1990ల నుంచి జరిగిన పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. బలం పెరిగింది, బిగువు పెరగలేదు. అయినా ఆ పాత భయం మా ఊళ్లల్లో ఇంకా పోలేదు, మొన్న కూడా ఒక తల్లి నాతో "బరువులు కడితే నరాలు పట్టేస్తాయంట కదక్కా" అంది.

ఇక చేసే పని సంగతి. మొదటిది ఆ స్టూలే. పాప ఒక్కసారి కూడా లేవలేకపోయింది కదా, అందుకని ఎత్తు పెంచాం, స్టూలు మీద రెండు చెక్కలు వేసి. ఎత్తు నుంచి లేవడం తేలిక, కిందికి పోయే కొద్దీ కష్టం. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మడమ లేవకూడదు, ముందుగా పాదాలను కొంచెం వెనక్కి మోకాలి కిందికి తెచ్చుకోవాలి, మోకాళ్లు లోపలికి ఒకదానికొకటి తగలకూడదు. మా పాపకు తగిలేవి, అందుకని మధ్యలో ఒక చిన్న దిండు పెట్టి అది నలగకుండా లేవమన్నాం. ముక్కు కాలి బొటనవేలికి నేరుగా పైకి వచ్చేటట్టు ముందుకు వంగి, అప్పుడు లేవాలి. లేచేటప్పుడు కంటే కూర్చునేటప్పుడు ఇంకా ముఖ్యం, దబ్బున పడకూడదు, మూడు అంకెలు లెక్కపెట్టేంత మెల్లగా దిగాలి. తొడ కండకు అప్పుడు కూడా గట్టి పని పడుతుంది. ఎనిమిది సార్లు, ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ ఎనిమిది, మళ్లీ విశ్రాంతి, మళ్లీ ఎనిమిది. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి, అనిపించకపోతే అది ఆటే కానీ బలం రాదు. ఊపిరి బిగబట్టకుండా ఉండాలంటే పాప చేతనే అంకెలు పైకి లెక్కపెట్టించండి, నోరు తెరిచి లెక్కపెట్టేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు.

పన్నెండు సార్లు తేలిగ్గా లేచే రోజు వచ్చాక ఒక చెక్క తీసేశాం. తర్వాత రెండోది. ఆ తర్వాత బరువు కావాలి. మేడం ఫొటోలో చూపించిన బరువుల కోటు కొనే స్థోమత మాకు లేదు, కానీ నేను కుట్టేదాన్ని, కాబట్టి లోపల గట్టి కాన్వాసు పెట్టి ముందు రెండు, వెనక రెండు జేబులతో చేతుల్లేని కోటు కుట్టాను. చిన్న సంచుల్లో పెన్నా ఇసుక పోసి రెండు వరసల కుట్టు వేసి, తక్కెడలో తూచి పావుకిలో పావుకిలోగా చేశాను. మొదట అర కిలో, ఆ తర్వాత నెలల మీద మెల్లగా రెండు కిలోల దాకా పోయాం, ప్రతిసారీ మేడంను అడిగిన తర్వాతే. మా కేంద్రానికి వచ్చే ఇంకో ముగ్గురు పిల్లలకు కూడా కుట్టిచ్చాను.

మిగతావన్నీ ఇంట్లో ఉన్నవాటితోనే. మా అరుగు కడప బండలతో వేసింది, ఒక మెట్టు తక్కువ ఎత్తు, ఒకటి ఎక్కువ ఎత్తు, దాని మీద ఒక కాలు పెట్టి ఎక్కడం, అదే కాలితో మెల్లగా దిగడం, తర్వాత రెండో కాలు. కిటికీ చువ్వలు పట్టుకుని మడమలు లేపి దించడం, ఇది పిక్కలకు, కానీ మడమ అసలు నేలకు ఆనని బిడ్డకు అడగకుండా చేయించవద్దు. గోడకు చేతులు ఆనించి పక్కకు పక్కకు అడుగులు వేయడం, తుంటి పక్కన ఉండే కండకు ఇంతకంటే మంచిది నేను చూడలేదు, కత్తెర మాదిరి పడే కాళ్లకు ఆ కండే దిక్కు. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తి ఐదు అంకెలు ఆపి దించడం. ఒక పక్క చెయ్యి మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలకైతే తడిగుడ్డ పిండించడం, చపాతీ పిండి కలిపించడం, సీసా మూత తీయించడం, చిన్న బకెట్లో నీళ్లు రెండు చేతులతో మోయించడం, పనికి పని, వ్యాయామానికి వ్యాయామం.

నేను చేసిన తప్పులు కూడా చెప్పాలి. మొదట్లో ఉత్సాహం ఎక్కువై రోజూ పొద్దునా సాయంత్రం చేయించాను, పదిరోజులకు పాప కాళ్ల నొప్పులని ఏడ్చి స్టూలు చూస్తేనే పారిపోవాలని చూసేది. కండ పెరిగేది విశ్రాంతి రోజునే అని మేడం తిట్టింది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ, అది చాలు. రెండో తప్పు, లేవలేకపోతే చంకల్లో చేతులు పెట్టి లేపేసేదాన్ని, చూడలేక. అట్లా లేపితే లేచింది నేను, పాప కాదు. సహాయం చేయాలంటే ఎత్తు పెంచాలి కానీ మన చెయ్యి పెట్టకూడదు. మూడో తప్పు, జ్వరాలు వచ్చి, ఊరి పెళ్లిళ్లు వచ్చి రెండు నెలలు ఆపేశాను, వచ్చిన బలంలో చాలా పోయింది, మళ్లీ చెక్క వేయాల్సి వచ్చింది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు పాప ముందు ఏడవకూడదని మిషన్ గదిలోకి పోయి ఏడ్చాను. తేడా కనిపించాలంటే కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి.

సమయం ఎక్కడిది అంటారు. మాకు అరగంట మించదు. 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు సీపీ పిల్లల చేతిపనుల మీద ప్రచురించిన అధ్యయనంలో, ఇళ్లల్లో తల్లిదండ్రులు సగటున నెలకు 17, 18 సార్లు, ఒక్కోసారి 16, 17 నిమిషాలు మాత్రమే చేయించినా ఎనిమిది వారాలకు తేడా కనిపించింది. అది బలం వ్యాయామం కాదు, చేతిపని, కానీ ఇంట్లో తల్లీతండ్రీ కాస్తంత సమయంతోనే చేయించగలరని నాకు ధైర్యం ఇచ్చింది ఆ లెక్కే. ఎండాకాలం మా ప్రొద్దుటూరులో పదింటికే గోడలు కాలుతాయి, అందుకని ఆ మూడు నెలలూ ఆరింటికే, అరుగు చల్లగా ఉండగానే.

ఇది చదివి ఎవరూ రేపే బిడ్డకు బరువులు కట్టవద్దు. సీపీ పిల్లలందరూ ఒకటి కాదు. నడకను బట్టి ఐదు స్థాయిలుగా చూస్తారు, ఒకటో స్థాయి బిడ్డ పరుగెత్తగలడు, ఐదో స్థాయి బిడ్డకు మెడ నిలపడమే పెద్ద పని. నేను చెప్పినవి చెప్పిన మాట అర్థం చేసుకుని, పట్టుకునో పట్టుకోకుండానో నిలబడగలిగే పిల్లలకు. అంతకంటే కష్టంగా ఉన్న పిల్లలకు సరైన కుర్చీ, నిలబెట్టే ఫ్రేమ్, బోర్లా పడుకోబెట్టి తల ఎత్తించడం, ఇట్లా వేరే దారి ఉంటుంది, వాళ్ల తుంటి ఎముక గూటిలోంచి జారే ప్రమాదం ఎక్కువ కాబట్టి డాక్టర్ చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించాలి. ఏ స్థాయి బిడ్డ అయినా తుంటి దగ్గర నొప్పి అంటే, కాలు పక్కకు తీస్తే ఏడిస్తే వ్యాయామం ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఫిట్స్ అదుపులో లేకపోయినా, కొత్తగా ఆపరేషన్ అయినా, బిగువు తగ్గడానికి కండలోకి ఇచ్చే బొటాక్స్ ఇంజెక్షన్ వేయించినా ముందు అడగాలి. యూట్యూబ్‌లో ఎవరి బిడ్డకో చేయించింది చూసి మన బిడ్డకు చేయించకూడదు. సాగదీయడం, కాళ్లను సరైన తీరులో పట్టి ఉంచే స్ప్లింట్లు మానెయ్యమని కూడా నేను చెప్పడం లేదు, మేము తిరుపతి బర్డ్ ఆస్పత్రిలో చేయించిన స్ప్లింట్లు పాప ఇప్పటికీ వేసుకుంటుంది. చేత్తో కాసేపు లాగి వదిలేస్తే నిలిచే లాభం తక్కువ అనే నేను చెప్పేది.

ఇంట్లో వాళ్ల మాటలు ఒక ఎత్తు. "ఏందిమే, బిడ్డను ఆ మాదిరి సతాయిస్తాండావు, దేవుడు చేసిందానికి దాన్నెందుకు ఏడిపిస్తావు" అని మా అత్త అలిగి అన్నం మానేసిన రోజులున్నాయి. ఆమెది ప్రేమే, ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా. ఒకరోజు మేడం ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతనే అంకెలు లెక్కపెట్టించింది, అప్పటి నుంచి ఆమే లెక్క తప్పనివ్వదు. తండ్రులకు ఒక మాట, మీరు ఆస్పత్రికి ఆటోలో దించి బయట నిలబడవద్దు, లోపలికి వచ్చి చూసి నేర్చుకోండి, బిడ్డ బరువెక్కాక పట్టుకునే బలం తల్లికి చాలదు.

ఇంకొకటి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేది సదరం. ఒక తల్లి నా చెవిలో అంది, "బాగా లేచి నిలబడితే సదరంలో పర్సెంటేజీ తగ్గించి పింఛన్ తీసేస్తారేమో అక్కా." 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛన్ నెలకు 6,000 రూపాయలు అయింది, కూలికి పోయే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు, ఆ మధ్య సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించినప్పటి నుంచి ఆ భయం ఎక్కువైంది. ఆ తల్లిని నేను తప్పు పట్టను. కానీ అధికారులు ఒక విషయం గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పాలి, కాళ్లకు బలం వచ్చినంత మాత్రాన సీపీ పోదని. పోదు కూడా. జీవితాంతం ఉండేదే అది. బిడ్డ స్టూలు మీద నుంచి లేచిందని ఎవరి పింఛన్ మీదా చెయ్యి పడకూడదు.

అట్లాగే పూర్తిగా నయం చేస్తామని చెప్పేవాళ్లు. మేమూ మోసపోయాం, ఒక పెద్ద ఊరిలో ఒకచోట మూలకణాల ఇంజెక్షన్లని చెప్పి మా దగ్గర బంగారం కుదువ పెట్టిన డబ్బు తీసుకున్నారు. పేరు రాయను. సీపీకి అది నిరూపణ అయిన వైద్యం కాదని తర్వాత తెలిసింది. ఆ డబ్బుతో ఇంటి బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు వేయించి, పాపకు మంచి వాకర్ కొని, ఇంకా మిగిలేది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా, అందులో థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుందని మాకు పాపకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఒక్కరూ చెప్పలేదు.

మరి పాపకు ఏం వచ్చింది అని అడుగుతారు. ఇప్పుడు పదేళ్లు. బయట వాకర్‌తోనే నడుస్తుంది, ఇంట్లో గోడ పట్టుకుని నాలుగు అడుగులు. నడక అంతా మారిపోలేదు, మారుతుందని నేను ఎవరికీ ఆశ పెట్టను. కానీ బాత్రూమ్‌లో కమోడ్ మీద నుంచి తనే లేస్తుంది. ఎదుగుతున్న ఆడపిల్ల, ఇంతకుముందు ప్రతిసారీ "మా, రా" అని పిలిచేది, బడిలో అయితే పిలవడానికి సిగ్గుపడి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండేది. మొదటిసారి తనే లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చిన రోజు నా చేతిలో కత్తెర అట్లాగే ఉండిపోయింది. "పట్టుకోవద్దు మా, నేనే లేస్తా" అంటుంది ఇప్పుడు.

మేడం మాకు మొదట ఇచ్చిన కాగితం అంతా ఇంగ్లీషులో ఉంది, అది ఆస్పత్రి వాళ్లు అచ్చు వేయించిన కాగితం, అందరికీ ఒకటే. ఆమే మంచిది కాబట్టి వెనక పక్క తెలుగులో రాసి, స్టూలు బొమ్మ గీసి, ఎత్తు ఎన్ని అంగుళాలో, ఎన్నిసార్లో, ఏ రోజుల్లోనో రాసిచ్చింది. ఆమె బదిలీ మీద పోయాక కొత్తవాళ్లు వచ్చే దాకా ఆరు నెలలు ఆ కాగితమే మాకు మేడం. భవిత కేంద్రంలో అయినా, పిల్లల ఎదుగుదల లోపాలను చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో అయినా, పెద్దాస్పత్రిలో అయినా సీపీ బిడ్డను చూసిన ప్రతిసారీ ఆ బిడ్డకు సరిపడే నాలుగైదు వ్యాయామాలు తెలుగులో రాసి, చదువు రాని తల్లికైతే ఆమె ఫోన్‌లోనే ఆమె బిడ్డతో చేయిస్తూ వీడియో తీసి ఇవ్వాలి. మూడు నెలలకు ఒకసారి పిలిచి మార్చాలి. దీనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త మిషను అక్కరలేదు. ఫిజియో పోస్టు ఖాళీ పడితే నెలల తరబడి వదిలేయకుండా ఉంటే చాలు.

మీకు నా విన్నపం కూడా అట్లాంటిదే. ఆదివారం జిల్లా పేజీలో ఒక చిన్న డబ్బా ఇవ్వండి, వారానికి ఒక్క వ్యాయామం, ప్రభుత్వ ఫిజియోథెరపిస్టు ఒకరి చేత రాయించి, ఎవరికి పనికొస్తుందో ఎవరికి వద్దో కూడా రాయించి వేయండి. మొదటి వారం స్టూలుదే వేయండి. ఫొటో కావాలంటే పాపను అడిగాను, సరే అంది, ముఖం అక్కరలేదు, మోకాళ్ల కింది నుంచి తీసుకోండి, మడమలు రెండూ బండకు ఆనింది కనబడాలి.

ఇట్లు
ఒక తల్లి,
ప్రొద్దుటూరు, కడప జిల్లా